కన్న ఊరు, విన్న ఊరు

మా ఒంగోలు, నెల్లూరు వైపు ఒక అలవాటు ఉంది. ఎవరైనా కళాకారుడు లోకంలో పేరు తెచ్చుకున్నాక అతని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీసి, తాతముత్తాతల ఊరైనా సరే మన చుట్టుపక్కల ఎక్కడో తగిలితే చాలు, "మనోడే" అని తేల్చేస్తాం. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి మన ఆడపడుచు, సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ మనవాడు, నెల్లూరు భాగవతార్ గారి అబ్బాయి బాలసుబ్రహ్మణ్యం సరేసరి. త్యాగయ్య పుట్టింది తిరువారూరులోనే అయినా ఆయన పూర్వీకులది కంభం సీమలోని కాకర్ల అంటారు కాబట్టి, ఆయన కూడా ఒక పక్క నుంచి మనవాడే అవుతాడు. టీ కొట్టు దగ్గర ఈ లెక్క మొదలైతే ఎవరూ ఒక పట్టాన లేవరు; నేనూ లేవను.

ఈ గర్వాన్ని నేను తప్పు పట్టడం లేదు కానీ, దానికి మనం చెల్లించింది ఏమిటని ఒకసారి అడగాలంటాను. ఒక మనిషి మన ఊళ్లో పుట్టడానికి ఊరు చేసేది ఏమీ ఉండదు. పుట్టిన పిల్లవాడు పెరిగి వాయిస్తుంటే కూర్చుని వినడానికి మాత్రం ఊరు చాలా చేయాలి. పొద్దు కేటాయించాలి, పందిరి వేయాలి, అన్నం పెట్టాలి, బాగుంటే ఇంకోసారి అనాలి, బాగుండకపోతే ఆ సంగతి పసిగట్టేంత చెవి పెంచుకోవాలి. కళాకారుడికి కన్న ఊరి కంటే విన్న ఊరి రుణమే ఎక్కువని నా వాదన. మన రెండు జిల్లాలూ కనడంలో ఉన్నంత ఉదారంగా వినడంలో లేకుండా పోయాయని నా ఫిర్యాదు.

విజయవాడ వైపు నుంచి రైల్లో వస్తుంటే ఒంగోలుకు ముందు కరవది అనే చిన్న స్టేషను వస్తుంది. పెద్ద బండ్లు అక్కడ ఆగవు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు బ్యాగులు దించుకునే హడావుడిలో ఉంటారు కాబట్టి ఆ బోర్డు చదివేవాళ్లు కూడా తక్కువే. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది ఆ ఊళ్లోనే. తరతరాలుగా గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ నాదస్వరం వాయిస్తూ వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్లది. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర ఆయన విద్య నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ మీద మనసు పడి, ఆ సీమకు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులు రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే 1982లో నాదస్వరం నేర్పడానికి ఒక ఆశ్రమం పెట్టారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు.

శ్రీరంగం రంగనాథుడి భక్తుడిగా ఆయనకు పేరు. నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడు కూడా అదే శయనం మీద పడుకుని ఉన్నాడు. ఆయన గుడి ముందు ఏరు ఉంది, ఆయనకూ బ్రహ్మోత్సవాలు ఉన్నాయి. కరవది నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా ఆయన గోపురం కింద ఉండవచ్చు. అటువంటప్పుడు కరవది మనిషి కావేరి ఒడ్డు రంగనాథుడి దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఈ ప్రశ్న నేను కొంటెగా అడుగుతున్నానని కొందరు మిత్రులు అనుకున్నారు. నాకు మాత్రం ఈ వ్యాసంలో అడగవలసిన అసలు ప్రశ్న అదే.

మనవాళ్లు తడుముకోకుండా చెప్పే జవాబు డబ్బు. అది పూర్తిగా తప్పు కాదు, కానీ అంతటితో సరిపోదు. కావేరి సీమలో ఆ వాద్యం చుట్టూ ఒక వ్యవస్థ మొత్తం ఉంది. పెద్ద గుళ్లలో ఏ వేళ సేవకు ఏ రాగం వాయించాలో ఒక పద్ధతి ఉంది. స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి అనే ఊరేగింపు వాద్యం వాయించకపోతే ఆ వీధిలో ముసలివాళ్లకు ఊరేగింపు మొదలైనట్టే అనిపించదు. వాద్యంలో పెట్టి ఊదే పీకకు కావలసిన రెల్లు ఆ నది ఒడ్డునే దొరుకుతుంది. కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో నాదస్వరం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వీటన్నిటినీ నిలబెట్టింది వినేవాళ్లు. ఒక రాగం ఆలాపనే గంటల కొద్దీ సాగినా లేవకుండా కూర్చున్న జనం ఉన్నారు కనుకనే అక్కడ అంతంతసేపు వాయించగల విద్వాంసులు తయారయ్యారు. డబ్బు ఆ చెవుల వెనక నడిచి వచ్చింది.

ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే ఒక సంగతి నేనే చెప్పుకోవాలి. చినమౌలానా పుట్టిన నాటికి కరవది, తంజావూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆంధ్ర రాష్ట్రం 1953లో వచ్చింది. ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడింది 1970లో. ఆ తరం వాళ్లకు మద్రాసు వెళ్లడం, తంజావూరు వెళ్లడం రాష్ట్రం దాటి వలసపోవడం కానే కాదు. నెల్లూరు వాళ్లకైతే ఈనాటికీ హైదరాబాదు కంటే మద్రాసే దగ్గర. కాబట్టి "మనవాళ్లను వాళ్లు ఎత్తుకుపోయారు" అనే మాటకు అర్థం లేదు. ఎవరూ ఎవరినీ ఎత్తుకుపోలేదు. ఆ ఒడ్డున వినేవాళ్లు ఉన్నారు, ఈ ఒడ్డున తగ్గిపోతూ వచ్చారు.

తగ్గిపోయారని ఎందుకు అంటున్నానంటే, నా చిన్నతనంలో ఇంకా ఉన్నారు కాబట్టి. మాది ఒంగోలుకు ఉత్తరాన పొగాకు, మిరప పండించే పల్లె. పెళ్లి రాత్రిపూట జరిగేది, ఊరేగింపు ఇంకా పొద్దుపోయాక బయలుదేరేది. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో మేళం ముందు నడిచేది. డోలు వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు తొడుగులు తొడుక్కుని, ఎడమచేత్తో పుల్ల పట్టి, మెడలో అంత బరువు వేలాడుతున్నా నవ్వుతూ నడిచేవాడు. వెనక మా ఈడు కుర్రవాడొకడు శ్రుతి ఊదుతూ ఉండేవాడు. ఊరేగింపు ఎంతసేపు సాగితే అంతసేపూ ఒకే స్వరం, బుగ్గలు దించకుండా. మేము వాణ్ణి నవ్వించాలని మొహాన కోతి చేష్టలు చేసేవాళ్లం. వాడు నవ్వలేదు. శ్రుతిపెట్టె అనే కరెంటు వస్తువు వచ్చాక ఆ కుర్రవాడి చోటు పోయింది; చోటుతో పాటు, ఆ వయసులో అన్ని రాత్రుళ్లు పెద్దవాళ్ల వాద్యం పక్కన నడుస్తూ వాడు తెలియకుండా నేర్చుకునే చదువు కూడా పోయింది.

ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆగేది. అక్కడ ఇళ్ల అరుగుల మీద పెద్దలు ముందుగానే చేరి ఉండేవాళ్లు. మా తాత నన్ను పిలిచి, "ఒరే అబ్బయా, పోయి ఆయన్ని కల్యాణి అందుకోమన్నానని చెప్పు" అనేవాడు. మా తాతకు సరిగమలు రావు, సంగీతం మేష్టారి గడప తొక్కి ఎరగడు. మరి కల్యాణి ఎలా తెలుసు? పద్యనాటకాల వల్ల తెలుసు. హరిశ్చంద్ర కాటిసీను, శ్రీకృష్ణ రాయబారం తెల్లవార్లూ చూసిన తరం అది. ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారో, ఎక్కడ రాగం సాగదీస్తే "వన్స్‌మోర్" అనాలో, ఎక్కడ నటుడి గొంతు హార్మోనియం వెనక దాక్కుంటున్నదో వాళ్లకు లెక్క. తెలుగు పల్లె రైతుకు రాగం పద్యం మీద ఎక్కి వచ్చింది. శ్రీరామనవమి పందిట్లో హరికథ చెప్పే భాగవతార్ ఆ జ్ఞానానికి ఇంకాస్త పదును పెట్టేవాడు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మధ్యలో పిట్టకథ, పిట్టకథలోంచి మళ్లీ కీర్తన. మేళం, హరికథ, పద్యనాటకం ఈ మూడూ కలిసి ఫీజు లేని సంగీత పాఠశాల నడిపాయి. పానకం, వడపప్పు కోసం వెళ్లిన మేమంతా అందులో హాజరు పట్టీలో పేరు లేని విద్యార్థులం.

బాలసుబ్రహ్మణ్యం సంగతి చూడండి. ఆయన తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథా భాగవతార్. కొడుకు చిన్నతనంలో తండ్రి సాధన వింటూ, ఆయన స్వరాలు రాసుకున్నవి చూస్తూ, హార్మోనియం, వేణువు తనంతట తానే పట్టుకున్నాడు. సంగీత కళాశాలలో చదివిన మనిషి కాదు. పద్యం ఎత్తుకున్నప్పుడు ఆయన గొంతులో మాట ఎక్కడా చితకకుండా నిలబడేదంటే, హరికథ చెప్పే ఇంట్లో మాట స్పష్టంగా లేకపోతే జనం లేచిపోతారన్న భయం ఉండబట్టేనని నేను అనుకుంటాను. 1966లో సినిమాకు తొలి పాట పాడేనాటికే ఆ చెవి తయారై ఉంది. మద్రాసు దాన్ని వాడుకుంది. నెల్లూరులోని ఆ ఇంటిని ఆయన 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు, అదే ఏడాది సెప్టెంబరులో వెళ్లిపోయారు. ఆయన చిత్రపటాలు మన కూడళ్లలో కావలసినన్ని ఉన్నాయి. సాంబమూర్తి గారి వంటి భాగవతార్‌ను పిలిచి మూడు రాత్రులు కథ చెప్పించుకునే వీధి ఆ కూడళ్లకు నడిచే దూరంలో ఎక్కడుందో చూపించమంటే మాత్రం కష్టం.

విన్న ఊరు అని నేను పొగుడుతున్న ఆ పాత పల్లెను మరీ నెత్తిన పెట్టుకోకూడదు కూడా. రాగం గుర్తుపట్టిన ఆ పెద్దలే మేళం వాళ్లను అరుగు మీదకు రానిచ్చేవాళ్లు కారు. మంగళసూత్రం పడే వేళ గట్టిమేళం లేకపోతే పెళ్లి పెళ్లి కాదనే మనమే, ఆ మేళం వాయించిన నాయీబ్రాహ్మణులకూ ముస్లింలకూ చివరి బంతిలో, ఒక్కోసారి పందిరి వెనక, ఆకు వేశాం. సంభావన ఇచ్చేటప్పుడు బేరం ఆడాం. పిల్లవాడు తండ్రి పక్కన శ్రుతి ఊదుతూ కల్యాణి ఒక్కటే నేర్చుకోడు కదా, చివరి బంతి కూడా నేర్చుకుంటాడు. పెద్దయ్యాక ఆ వాద్యాన్ని గోడకు తగిలించి బస్టాండు దగ్గర సెలూన్ పెట్టుకున్నాడంటే, విద్యను నిర్లక్ష్యం చేశాడని నేను అనలేను. వినడం అనే మాటలో మర్యాద కూడా చేరి ఉండాలి. శ్రీరంగంలో, మద్రాసులో కులం లేదని కాదు. అక్కడి నాదస్వర విద్వాంసులు కూడా కచేరీ వేదిక మీద సమాన పీట కోసం పోరాడవలసి వచ్చింది. కానీ పోరాడి గెలిచిన పీట ఒకటంటూ అక్కడ ఉంది.

కొన్నేళ్ల క్రితం పుష్యమాసంలో తిరువైయ్యారు వెళ్లాను. త్యాగయ్య 1847లో సమాధి చెందిన చోటు అది. సమాధి మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ కావేరి ఒడ్డున బహుళ పంచమి నాడు వందల గొంతులు కలిసి పంచరత్నాలు పాడతాయి. ఆ అయిదు కృతుల్లో నాట రాగంలోది సంస్కృతం. తక్కిన గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ కృతులు తెలుగు. నా పక్కన కూర్చున్నవాళ్లంతా ఇంట్లో తమిళం మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. సాహిత్యం చూసుకోవడానికి ఫోను తెరిచినవాణ్ణి ఆ వరసలో నేనొక్కణ్ణే, ఆ భాష మా ఇంటి భాష అయి ఉండి కూడా. పాట అయ్యాక ఒక పెద్దాయన, మీది ఏ ఊరు అని అడిగాడు. ఒంగోలు అన్నాను. ఆయన మొహం వికసించింది. "ఎద్దుల ఊరా!" అన్నాడు. గిత్తల పేరుతోనైనా మా ఊరిని గుర్తుపట్టినందుకు సంతోషించి, త్యాగయ్య పూర్వీకుల ఊరు మా జిల్లాలోనిదేనని చెప్పాను. ఆయన మర్యాదగా విని, "అయితే మీ దగ్గర ఆరాధన ఎప్పుడు చేస్తారు?" అన్నాడు. పట్టణాల్లో సంగీత సభలు చేస్తాయని చెప్పాను. అది నిజమే. కానీ ఆయన అడిగింది ఊరి గురించి అని నాకు తెలుసు.

తిరిగి వచ్చాక ఒక ఆదివారం కంభం వైపు వెళ్లాను. శ్యామశాస్త్రి పూర్వీకులు కూడా కంభం సీమ నుంచే దక్షిణాదికి వెళ్లారంటారు. సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి వంశాల వేళ్లు ఈ నల్లమల అంచున ఉన్నాయన్నమాట. కంభం చెరువు కట్ట మీద నిలబడితే రెండు కొండల మధ్య గుండ్లకమ్మను ఆపిన ఆ పాత పని చూసి ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. వందల ఏళ్ల నాటి ఆ కట్ట ఇంకా నీళ్లు ఆపుతోంది. అది ఎందుకు బతికిందంటే, ప్రతి తరంలోనూ దాని కింద మడి ఉన్న రైతు ఉన్నాడు. నీళ్లు వాడుకునేవాడు ఉన్నాడు కనుక తూము బాగుచేసేవాడూ ఉన్నాడు. సంగీతానికి ఆ ఆయకట్టు శ్రోత. కట్ట దిగి చాయ్ తాగుతూ, ఇక్కడి నుంచి త్యాగయ్య గారి వాళ్లు వెళ్లారట కదా అని కదిపితే, కొట్టు అతను వినయంగా, "అవునండీ, మనోళ్లే" అన్నాడు.

2020 పద్మశ్రీ జాబితాలో ఒక నాదస్వర దంపతుల పేర్లు ఉన్నాయి, కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ. సుభానీ గారు ప్రకాశం జిల్లాలో పుట్టినవారు. ఇద్దరూ శ్రీరంగంలో చినమౌలానా దగ్గర తర్ఫీదు పొందారు. జాబితాలో వాళ్ల పేర్ల పక్కన రాష్ట్రం అనే గడిలో తమిళనాడు అని ఉంది. మనవాళ్లు కొందరు దానికి నొచ్చుకున్నారు. నాకు అందులో అన్యాయం కనిపించలేదు. వాళ్లు బతికిన ఊరు, వాళ్లను విన్న ఊరు అది.

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నా ఫోనులో వినవచ్చు కదా, ఊరే వినాలని ఎందుకు పట్టుబట్టాలి అని మా మేనల్లుడు నాతో వాదిస్తాడు. చినమౌలానా కచేరీలు వాడికి నా కంటే ఎక్కువే తెలుసు, హెడ్‌ఫోన్లలో వింటాడు, శ్రద్ధగానే వింటాడు. ఆ శ్రద్ధను నేను కాదనను. అయితే ఫోనులో విన్నవాడు వాయించేవాడికి ఏమీ తిరిగి ఇవ్వలేడు. అరుగు మీద మా తాత తల ఊపితే నాదస్వరం ఆ సంగతిని మరోసారి తిప్పి వాయించేది, తల ఊపకపోతే వేరే దారి పట్టేది. పైగా నాదస్వరం ఆరుబయట పుట్టిన వాద్యం. అరచేతిలో పట్టే స్పీకరులో దాని కండ అంతా కరిగిపోతుంది. తిరుపతిలో దేవస్థానం వారు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. అక్కడ నేర్చుకుని బయటకు వచ్చిన కుర్రవాడికి మేనల్లుడి హెడ్‌ఫోన్లు పని ఇవ్వవు. మా వీధి పెళ్లి ఇవ్వాలి. మా వీధి పెళ్లిళ్లలో ఇప్పుడు ఏం జరుగుతున్నదో అందరికీ తెలుసు. డీజే పెట్టెలు గుండెల మీద కొడుతుంటాయి, మేళాన్ని ఒక మూల కూర్చోబెట్టి, పురోహితుడు చేయి ఎత్తినప్పుడు మాత్రం వాయించమంటారు. త్యాగయ్య సీతాకల్యాణం పాట పల్లవి పూర్తయ్యేలోపే ఫొటోగ్రాఫరు కాస్త ఆపమంటాడు. రాగం ఎత్తుకోవడానికి అయిదు నిమిషాలు చోటు ఇవ్వని పనికి ఎవరైనా ఏళ్ల తరబడి అసురసాధన ఎందుకు చేయాలి?

అందుకని ఈ ఏడు మా ఊరి శ్రీరామనవమి కమిటీలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. కల్యాణానికి ముందు అరగంట మేళం వాళ్లదే, అప్పుడు మైకులో ప్రకటనలు, చందాల పేర్లు చదవడం ఉండకూడదు. వాళ్లు కూర్చునేందుకు పందిట్లో ఎత్తయిన బల్ల, మొదటి బంతిలో భోజనం, సంభావన ముందే మాట్లాడుకుని అందరి ముందూ ఇవ్వడం. డబ్బు కూడా పెద్ద మొత్తమేమీ కాదు, డీజేకు రాసిన పద్దులో నాలుగో వంతు రాదు. బల్ల గురించి ఒకరిద్దరు పెద్దలు గొణిగారు, భోజనం గురించి ఎవరూ పైకి ఏమీ అనలేదు. కోశాధికారికి మాత్రం ఒకటే అనుమానం, అరగంట పాటు జనం ఏం చేస్తూ కూర్చుంటారని. వింటారని చెప్పాను. పానకం పంచడం ఆ అరగంటలో పెట్టుకుంటే లేవకుండా ఉంటారని ఆయనే ఉపాయం చెప్పాడు, నేను ఒప్పుకున్నాను. డీజే తీసేయడానికి కుర్రవాళ్లు ససేమిరా అన్నారు కాబట్టి ఈసారికి రెండూ ఉంటాయి. తలంబ్రాలు పడేదాకా ఆ పెట్టెలు వ్యాను మీంచి దించకూడదని మాత్రం మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించాను.